తెప్ప రాని పూట

1934 నవంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం, జగదల్‌పూర్ దగ్గర ఇంద్రావతి మీది పడవల వంతెన తలుపు తెరుచుకుంది. తెరిచింది వంతెన మేస్త్రి భూషణం. ఆ సమయానికి నదిలో తెప్ప లేదు.

ఆ వంతెనను ఏటా వానలు వెనకబట్టాక కట్టేవారు, జ్యేష్ఠంలో విప్పేవారు. గట్టు నుంచి గట్టుకు ఇనుప తాడు లాగి, దానికి పడవలు వరసగా కట్టి, పైన దూలాలు వేసి, దూలాల మీద పలకలు పరిచేవారు. బండ్లు, సంతకు పోయే జనం, సర్కారు గుర్రాలు దాని మీదే దాటేవి. నడుమ ఉన్న రెండు పడవలను మాత్రం విడిగా జత కట్టేవారు. దాన్ని తలుపు అనేవారు. అక్కడ ఇనుప తాడు నీళ్ళ అడుగున పోయేది. ఎగువ నుంచి వెదురు తెప్పలు వచ్చినప్పుడు చీలలు పీకి మోకు వదిలితే, ప్రవాహమే ఆ తలుపును దిగువకు తిప్పేది. తెప్ప పోయాక దాన్ని మళ్ళీ లాగాలి. అందుకు దక్షిణపు గట్టున ఒక మొద్దు నిలబెట్టి, దానికి అడ్డంగా కొయ్యలు దూర్చారు. నలుగురు ఆ కొయ్యలు తోస్తూ తిరిగితే మొద్దు తిరిగి మోకు చుట్టుకునేది, తలుపు తన చోటికి వచ్చేది. తెరవడానికి ఒక మనిషి చాలు. మూయడానికి నలుగురు కావాలి.

తెరిచే ముందు కొమ్ము ఊదాలి. వంతెన రెండు కొసల్లోనూ ఎర్రగుడ్డ ఎత్తాలి. ఉత్తరపు కొసకు పోయి గుడ్డ ఎత్తి రావడం మాడ పని. మాడ దక్షిణాన కుంట అనే ఊరి వైపు దోర్ల తెగ మనిషి. వంతెన మీద భూషణానికి కుడిచెయ్యి. రెండో పనివాడు మాసా. మాసా మాట్లాడడం తక్కువ.

భూషణానిదీ కుంటే. శబరి గట్టున పడవలు బాగుచేసేవాడు. కాశయ్య అనే తెలుగు వర్తకుడు వంతెన ఠేకా పాడుకుని అతన్ని జగదల్‌పూర్ తెచ్చాడు. భార్య వరలక్ష్మి తర్లగూడ పిల్ల. గోదావరి గట్టున పుట్టింది, నడక కంటే ముందు తెడ్డు పట్టిందని వాళ్ళ నాన్న చెప్పేవాడు. దక్షిణపు కొసలో, మొద్దు పక్కనే, సర్కారు వేయించిన గుడిసెలో ఇద్దరూ ఉండేవారు. వరలక్ష్మి నేలవేము కషాయం కాచేది. జ్వరమని ఎవరు వచ్చినా ఒక గిన్నెడు పోసేది. ఊరికే పోసేది.

పది రోజుల కింద ఉత్తరపు గట్టు పల్లె నుంచి సోమారు వచ్చాడు. కొడుకుకు జ్వరం. వరలక్ష్మి కషాయం చెంబుతో అతని వెంట పోయింది. పిల్లవాడి తల ఒళ్ళో పెట్టుకుని తాగించింది. తెల్లారేసరికి పిల్లవాడు చనిపోయాడు. అదే పల్లెలో అంతకు ముందు ఇద్దరు పిల్లలు చనిపోయారు. వాళ్ళు ఆమె కషాయం తాగలేదు. ఆ సంగతి భూషణం చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు.

మంగళవారం పొద్దున ఉత్తరపు గట్టు మీద డోలు మొదలైంది.

భూషణం పడవ సందుల్లో గుగ్గిలం కూరుతున్నాడు. చేతిలో ఉలి ఆగింది.

"ఏంది మాడా అది? పెళ్ళా?"

మాడ మోకు ముడి బిగించాడు. తర్వాత చెప్పాడు.

"పెళ్ళి డోలు గట్ల ఉండదు మేస్త్రీ. అంగను బయటికి తీసిండ్రు."

అంగ ఆ పల్లెల దేవుడు. రెండు దుంగలు, నడుమ ఒక కొయ్య, కొయ్యకు నెమలి ఈకలు, వెండి బిళ్ళలు. నలుగురు భుజాల మీద మోస్తారు. మోసేవాళ్ళు దాన్ని నడపరు. అది ఎటు తోస్తే అటు పోతారు. పల్లెలో చావులు వరసగా పడితే అంగను తీస్తారు. అంగ ఇంటింటికీ పోతుంది. దోషమున్న ఇంటి ముందు ఆగి, దుంగతో తలుపును కొడుతుంది.

ఇవన్నీ భూషణం ఊరికే విన్న సంగతులు కావు. కిందటి ఏడు ఎగువన వేరే పల్లెలో లక్కే అనే ముసలామె తలుపును అంగ కొట్టింది. ఆమె ఇంటి కప్పు పీకేశారు. ఆమె ఒక కుండ పట్టుకుని ఈ వంతెన మీదే దాటింది. వెనక కుక్క వచ్చింది. వంతెన తలుపు దగ్గర ఆమె ఆగి, ఏ ఊరు పోవాలని భూషణాన్ని అడిగింది. భూషణం చెప్పలేకపోయాడు. తర్వాత ఠాణా నుంచి సిపాయి ఒకడు పోయి పీకిన కప్పు చూసి వచ్చాడు. ఆ తర్వాత లక్కేను చూసినవాళ్ళు లేరు.

డోలు మోగుతోంది. ఆగింది. భూషణం తల ఎత్తాడు. మళ్ళీ మోగింది.

"ఎందుకు ఆగింది?"

"ఇంటి ముందు ఆగితే డోలు ఆపుతరు," అన్నాడు మాడ. "పోతే మళ్ళ కొడతరు."

ఆ తర్వాత భూషణం పని సాగలేదు. డోలు ఆగినప్పుడల్లా ఉలి ఆగేది. మోగినప్పుడల్లా ఊపిరి వదిలేవాడు, ఆ వెంటనే ఆ ఇల్లు కాకపోతే ఇంకే ఇల్లని లెక్క మొదలయ్యేది. పల్లెలో ఇళ్ళు ఎన్నో అతనికి తెలుసు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆ ఇళ్ళన్నీ అయిపోయి ఉండాలి.

వరలక్ష్మి అన్నానికి పిలిచింది. ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. మాడ ముద్ద నోట్లో పెట్టుకుని ఎగువకు చూశాడు.

"ఇయ్యాల తెప్ప రాలేదేంది? మేస్త్రి కంచం ముందు కూసుంటే చాలు, రోజూ వచ్చేస్తది. చారు వాసన ఎగువన కోట్‌పాడ్ దాకా పోతదేమో."

"చారు వాసనకు కాదు మాడన్నా," అంది వరలక్ష్మి. "మీ మేస్త్రి కొమ్ము ఊదుతుంటే చూడ్డానికొస్తరు తెప్పోళ్ళు. ఊపిరి సగం కొమ్ములకు పోతది, సగం మీసాలల్ల నుంచి పోతది."

మాసా నవ్వాడు. భూషణం నవ్వలేదు.

"వరలక్ష్మీ, నువ్వు టౌన్‌లకు పో. కాశయ్యగారింట్ల ఉండు. వాళ్ళింటావిడ సుశీలమ్మగారు అప్పడాలు ఒత్తాలంటున్నరుగా."

"అప్పడాలు సంక్రాంతికి కదయ్యా."

"ఇప్పుడు పో."

ఆమె గరిటె కింద పెట్టింది. డోలు ఆమె కూడా పొద్దుటి నుంచీ వింటోంది.

"పోతే ఏమంటరు? పారిపోయిందంటరు. ఆ పిలగాని తల నా ఒళ్ళో ఉంది. తల్లి బుధ్రి పక్కనే ఉంది. నేనేం పోసిన్నో చూసింది. నేను పోను."

"లక్కే గూడ గట్లనే అనుకుని ఉంటది."

"నాకు ఆ పేరు చెప్పకు," అంది వరలక్ష్మి. కంచాలు తీసుకుని లోపలికి పోయింది.

కొంతసేపటికి డోలు మళ్ళీ ఆగింది. ఈసారి చాలాసేపు మోగలేదు. భూషణం మొద్దు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. తర్వాత డోలు మోగింది. కానీ పల్లెలో కాదు. పల్లెకూ నదికీ మధ్య మోదుగ చెట్ల వెనక.

"మాడా. ఇటే వస్తుంది."

"వస్తది."

"దాటుతదా?"

"ఎటు పోతదో మోసేటోడికే తెల్వదు మేస్త్రీ. నాకేం తెలుస్తది?"

భూషణం వంతెన వైపు చూశాడు. పలకల మీద ఎవరూ లేరు. ఎగువకు చూశాడు. నీళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"తలుపు తీస్తా," అన్నాడు.

మాడ అతని ముందుకు వచ్చి నిలబడ్డాడు. మూడేళ్ళలో మాడ అలా అడ్డం రావడం అదే మొదలు.

"తియ్యకు. అంగకు అడ్డం పెట్టొద్దు. అడ్డం పెట్టినోడి ఇల్లు అది చూసిపెట్టుకుంటది. నువ్వు తలుపు తీస్తే, ఈ గట్టున ఏదో ఉందని నువ్వే చెప్పినట్టు."

"తెప్ప వచ్చిందని చెప్తా."

"ఏది తెప్ప?"

"వస్తున్నదని చెప్తా. సర్కారు హుకుం అని చెప్తా."

"మేస్త్రీ, వాళ్ళకు కళ్ళు లేవా?"

భూషణం అతన్ని పక్కకు నెట్టి వంతెన ఎక్కాడు. దక్షిణపు కొసలో ఎర్రగుడ్డ ఎత్తాడు. కొమ్ము ఊదాడు. డోలు అప్పటికే మోదుగ చెట్లు దాటింది. ఆ చప్పుడులో కొమ్ము తనకే సరిగా వినపడలేదు. ఉత్తరపు కొసకు పోయి అక్కడ గుడ్డ ఎత్తాలి. పోతే వాళ్ళకు ఎదురు పడతాడు. అతను పోలేదు. మాడను పంపలేదు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చీలలు పీకాడు. మోకు వదిలాడు. రెండు పడవలు మూలిగినట్టు కదిలి, దిగువకు తిరిగి, దక్షిణపు సగం పక్కకు వచ్చి ఆగాయి. వంతెన నడుమ బండి పొడుగు కంటే ఎక్కువ ఖాళీ పడింది. అందులో నీళ్ళు వేగంగా పోతున్నాయి.

ఖాళీ చూశాక అతనికి కాస్త ధైర్యం వచ్చింది. వాళ్ళు వచ్చి చూసి ఆగుతారు. పొద్దు వాలితే తిరిగి పోతారు. రేపటి సంగతి రేపు.

అంగ చెట్ల మధ్య నుంచి బయటికి వచ్చింది. నడక కాదు, పరుగు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, అంగ వాళ్ళ మీద ఎగిరెగిరి పడుతోంది, ఈకలు ఊగుతున్నాయి. వెనక ముసలి పూజారి ఆయతు, డోలు వాయించేవాళ్ళు, నీళ్ళకుండలతో ఆడవాళ్ళు. వంతెన కొస దగ్గర ఆగలేదు. పలకల మీదికి ఎక్కారు. వంతెన ఊగింది. ఆ ఊపు భూషణం పాదాలకు తెలిసింది.

"ఆగండి!" అని అరిచాడు. తెలుగులో అరిచాడు. తర్వాత ఇక్కడి సంత భాష హల్బీలో అరిచాడు. "తలుపు తీసి ఉంది! ఆగండి!"

మోసేవాళ్ళు తలలు దించుకుని ఉన్నారు. దుంగ మెడ మీద ఉంటే తల ఎత్తలేరు.

ముందు కుడి భుజం సోమారుది. అతని కాలు పలక దాటి ఖాళీలో పడింది. అంగ ముందుకు ఒరిగింది. మిగతా ముగ్గురు వెనక్కి పడి దాన్ని పట్టుకున్నారు. సోమారు జారి, కాలు పడవ అంచుకూ దూలానికీ మధ్య ఇరుక్కుని, ఒక కేక వేసి నీళ్ళలోకి పోయాడు. డోలు ఆగింది.

సోమారు పైకి తేలాడు. చివరి పడవ అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు. ప్రవాహం అతని ఒంటిని పడవ కిందికి లాగుతోంది. పైనున్నవాళ్ళు వంగి అతని మణికట్లు పట్టుకున్నారు. లాగలేకపోయారు.

"తలుపు లాగుదాం!" అన్నాడు మాడ గట్టు మీంచి.

"లాగితే వాడి మీదికి పోతది!" అని భూషణం అరిచాడు. తలుపు మూసుకుంటే సోమారు రెండు పడవల మధ్య పడతాడు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది, మాట నోట్లోంచి వచ్చాక.

అతను కదలలేదు. చూస్తుండగా గట్టు కింద నుంచి చిన్న దోనె ఒకటి నీళ్ళలోకి వచ్చింది. అందులో వరలక్ష్మి ఉంది. చీర కొంగు నడుముకు చుట్టుకుంది. ముందు ఎగువకు తోసింది, ఖాళీకి ఎదురుగా వచ్చాక తిప్పి, ప్రవాహంతో పాటు వదిలింది. దోనె వచ్చి సోమారు పక్కన పడవకు గుద్దుకుంది. ఆమె ఒక చేత్తో పడవకు కట్టిన ఇనుప తాడు పట్టుకుంది, ఇంకో చేత్తో అతని జుట్టు పట్టుకుంది.

"వదులు! చేతులు వదులు తమ్ముడూ! పట్టుకున్న, వదులు!"

సోమారు ఆమెను చూశాడు. వదలలేదు.

పైన ఆడవాళ్ళలో ఒకామె ముందుకు వచ్చింది. బుధ్రి. భర్త చేతుల వైపు, ఆ చేతుల కింద వరలక్ష్మి మొహం వైపు చూసింది. తర్వాత వాళ్ళ ఇంటి భాష గోండీలో ఏదో ఒక మాట అంది. సోమారు చేతులు వదిలాడు.

వరలక్ష్మి అతన్ని దోనె అంచు మీదికి లాగింది. దోనె ఖాళీలోంచి దిగువకు కొట్టుకుపోయింది. కొంత దూరం పోయాక తెడ్డు దొరికించుకుని గట్టుకు తిప్పింది. మాసా నీళ్ళలో దిగి అందుకున్నాడు. సోమారు కాలు మోకాలి కింద వంకర తిరిగింది. అరుగు మీద పడుకోబెట్టారు.

ఇప్పుడు తలుపు మూయాలి. మూయకపోతే సోమారు దగ్గరికి అతని వాళ్ళు రాలేరు, అంగ ఆ కొసలో అట్లాగే ఉంటుంది. బయటికి తీసిన అంగను నేల మీద దించకూడదు. హిడ్మా అనే ముందు ఎడమ భుజంవాడు, వెనక ఇద్దరు, దాన్ని మోస్తూ నిలబడ్డారు. సోమారు చోట ఒక కుర్రవాడు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. భుజం పెట్టలేదు.

భూషణం గట్టుకు వచ్చాడు. మొద్దు కొయ్య మీద చేతులు పెట్టాడు. మాడ ఒక కొయ్య, మాసా ఒక కొయ్య పట్టారు. నాలుగో కొయ్యకు మనిషి లేడు.

వరలక్ష్మి తడి చేతులు చీరకు తుడుచుకుని వచ్చింది.

"మూస్తే వస్తరు," అన్నాడు భూషణం.

"రానీ. తొయ్యి."

"వరలక్ష్మీ..."

"ఆ మనిషి కాలు ఎవరు విరిచిండ్రయ్యా? తొయ్యి."

నలుగురూ తోశారు. మోకు చుట్టుకుంది. తలుపు ప్రవాహానికి ఎదురు తిరిగి, అంగుళం అంగుళం వచ్చి, తన చోట పడింది. మాసా పోయి చీలలు కొట్టాడు.

ఆయతు ముందు దాటాడు. అతను హల్బీలో మాట్లాడాడు. మెల్లగా మాట్లాడాడు.

"ఏ తెప్ప వచ్చింది?"

భూషణం ఎగువకు చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

"రాలేదు," అన్నాడు.

"మరి ఎందుకు తెరిచావు?"

ఒక్క మాట ఉంది చెప్పడానికి. ఆ మాట చెబితే వరలక్ష్మి పేరు చెప్పినట్టే.

"భయమేసింది," అన్నాడు.

"దేనికి?"

ఆయతు వెనక నిలబడ్డవాళ్ళు భూషణం వైపు చూశారు. తర్వాత ఒకరొకరుగా గుడిసె వైపు చూశారు.

"మేం దాటడానికి రాలేదు," అన్నాడు ఆయతు. "పల్లెలో అంగ ఏ ఇంటినీ కొట్టలేదు. అన్ని ఇళ్ళూ చూసింది. అయిపోయింది. చావుల తర్వాత దానికి నీళ్ళు పోయాలి. నడి ఏటి నీళ్ళు కావాలి. నీ వంతెన లేనప్పుడు ఈదుకుంటూ పోయి తెచ్చేవాళ్ళం. ఇప్పుడు వంతెన ఉంది కదా అని నడిమికి వచ్చాం. పోసుకుని పోయేవాళ్ళం."

మాడ తల దించుకున్నాడు.

"నువ్వు అడ్డం పెట్టావు," అన్నాడు ఆయతు. "ఇప్పుడు అంగను అడగాలి."

నీళ్ళు పోయడం వంతెన నడుమ, తలుపు మీదే జరిగింది. భూషణం, మాడ వాళ్ళ వెంట నడిచారు. ఆడవాళ్ళు కుండలు ముంచి ఇచ్చారు. ఆయతు ఈకల మీద, దుంగల మీద పోశాడు. కుర్రవాడు చేతులతో పట్టుకునే ఉన్నాడు. ఆయతు భూషణం వైపు తిరిగాడు.

"ఒక భుజం తక్కువైంది. తక్కువ చేసినవాడు ఇవ్వాలి. ఇది మా పరగణా మాట."

"నేను మీ మనిషిని కాదు."

"నీ వల్ల తక్కువైంది."

భూషణం మాడ వైపు చూశాడు. మాడ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. గట్టు మీద వరలక్ష్మి అరుగు మీద కూర్చుని సోమారు కాలికి వెదురు బద్దలు కడుతోంది. ఇటు చూడలేదు. చూసే సందు లేదు.

అతను వంగాడు. కుర్రవాడు దుంగను అతని భుజం మీద పెట్టి చేతులు తీశాడు.

దుంగ తడిగా ఉంది. నూనె, పసుపు, పాత పొగ వాసన. పడవ దూలాలు ఎన్నో మోశాడు, బరువు అతనికి కొత్త కాదు. బరువు ఎక్కడుందో చెప్పలేకపోవడం కొత్త. దూలమైతే ఎవరు వదిలిందీ, ఎవరు ఎత్తిందీ భుజానికి తెలుస్తుంది. ఇక్కడ ఏమీ తెలియలేదు. మెడ వంగిపోయింది. తన పాదాలు, పలకల సందులు, సందుల్లో నీళ్ళు తప్ప కనపడటం లేదు.

ఆయతు ఏదో అడిగాడు. గోండీలో. అడిగినది ఏమిటో భూషణానికి తెలియదు. తెలుసనిపించింది.

కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత దుంగ కుడికి కదిలింది. అతను ఎడమకు ఆనుకున్నాడు. అది మరీ కుడికి తోసింది. నలుగురూ తూలారు. తిరిగారు. పలకలు మారాయి. భూషణం పాదాలు లెక్క తప్పకుండా గుర్తుపట్టే పలకలు అవి. దక్షిణపు సగం పలకలు.

"ఎవరు తోస్తుండ్రు?" అన్నాడు తెలుగులో.

పలకలు అయిపోయాయి. ఇసుక వచ్చింది. మొద్దు నీడ వచ్చింది, పోయింది. ఆ తర్వాత ఉన్నది గుడిసె దారి ఒక్కటే. డోలు లేదు. వెనక జనం నడిచే చప్పుడు కూడా లేదు. వెండి బిళ్ళలు మాత్రం ఒకదానికొకటి తగులుతున్నాయి. పేడతో అలికిన ముంగిలి అతని పాదాల కిందికి వచ్చింది. పొద్దున వరలక్ష్మి వేసిన ముగ్గు మీద అతను అడుగు వేశాడు.

దుంగ ముందుకు ఎగిరింది.

భూషణం మడమలు నేలలోకి తన్నాడు. ముంగిలి సోమారు ఒంటి నీళ్ళతో తడిసి ఉంది. మడమలు దిగాయి. నడుము వెనక్కి విరిచి, రెండు చేతులతో దుంగ పట్టుకుని లాగాడు. వెనకవాళ్ళు తోస్తున్నారో, అంగే తోస్తోందో. భుజం తోలు చిట్లింది. దుంగ ముందు కొసకూ గుడిసె తలుపుకూ మధ్య మూర దూరం ఉంది. ఆ మధ్యలో అరుగు ఉంది. అరుగు మీద వరలక్ష్మి నిలబడింది. ఆమె పాదాలు అతనికి కనిపించాయి. అవి వెనక్కి జరగలేదు.

"ఏమయ్యా," అంది ఆమె. "ఏమయ్యా, నువ్వా?"

అతను మాట్లాడితే ఊపిరి పోతుంది. ఊపిరి పోతే కాళ్ళు పోతాయి. మాట్లాడలేదు.

అప్పుడు అరుగు మీద పడుకున్న సోమారు మోచేతి మీద లేచాడు. చెయ్యి చాచాడు. దుంగ ముందు కొసను ముట్టుకుని, ఆ చేతిని నుదుటికి ఆనించుకున్నాడు. పిల్లలు పోయినవాళ్ళు, ఇక ఎవరినీ అడగొద్దని, అంగను అలా ముట్టుకోవడం ఉంది. ఆయతు చూశాడు. మిగతావాళ్ళు చూశారు.

దుంగలోంచి ఊపు పోయింది. మోకు వదిలినప్పుడు పోయినట్టు, ఒక్కసారిగా. భూషణం వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నాడు. అంగ పక్కకు తిరిగింది. తలుపును తాకలేదు. మొద్దు చుట్టూ ఒకసారి తిరిగి వంతెన ఎక్కింది. డోలు మోగింది.

ఉత్తరపు గట్టు మీద, మోదుగ చెట్ల దగ్గర, పల్లె మనిషి ఒకడు వచ్చి భూషణం భుజం కిందికి తన భుజం దూర్చాడు. పొమ్మన్నాడు. ఆయతు అతని వైపు చూడలేదు. ముంగిలిలో ఉన్న మడమల గుర్తులు మాత్రం ఆయతు చూశాడని, దాటిపోయే ముందు అక్కడ ఆగి వంగి చూశాడని, తర్వాత మాసా చెప్పాడు.

ఎవరు తోశారని, ఎవరు తిప్పారని కొన్నాళ్ళ తర్వాత మాడ ఆ పల్లెకు పోయినప్పుడు అడిగాడు. హిడ్మా తాను కాదన్నాడు. వెనక ఇద్దరూ తాము కాదన్నారు. భూషణాన్ని వరలక్ష్మి ఆ రాత్రే అడిగింది.

"నేను నిన్ను అడుగుతున్నది ఒక్కటే," అంది ఆమె. "ఆపింది నువ్వా?"

"తెల్వదు."

"నీ కాళ్ళే కదా."

"నా కాళ్ళే. తెల్వదు."

మర్నాడు పొద్దున ఆమె పేడనీళ్ళతో ముంగిలి అలికింది. మడమల గుంటలు రెండూ పూడ్చింది. ముగ్గు వేసింది. ఆ రోజు రెండు తెప్పలు వచ్చాయి. రెండుసార్లూ ఉత్తరపు కొసకు భూషణమే పోయి గుడ్డ ఎత్తి వచ్చాడు.

సోమారును బండి మీద పల్లెకు తీసుకుపోయారు. తీసుకుపోవడానికి బుధ్రి వచ్చింది. గుడిసెలోకి రాలేదు. వరలక్ష్మి కషాయం చెంబు ఇవ్వబోతే బుధ్రి దాన్ని చూసి, చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ పల్లెలో జ్వరాలు మాఘం దాకా ఉన్నాయి. ఇంకో బిడ్డ చనిపోయింది. అంగను మళ్ళీ తీయలేదు. తీస్తారేమోనని భూషణం రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి వినేవాడు. సంత రోజున ఏ డోలు మోగినా ముందు భార్య ఎక్కడుందో చూసుకునేవాడు.

ఆ ఏడు వంతెనను జ్యేష్ఠంలో విప్పారు. అప్పటిదాకా ఉత్తరపు గట్టు పల్లె నుంచి వరలక్ష్మి దగ్గరికి వచ్చింది ఒకే ఒక్క మనిషి. సోమారు. కర్ర పట్టుకుని వంతెన దాటి వచ్చి, అరుగు మీద కూర్చుని, కాలు చాపి చూపించాడు. ఎముక అతికింది.